రడ్డరా, స్కెగ్గా: కృష్ణలో పరీక్షించి, సూర్యలంకకి కయాక్ సిద్ధం చేసుకోవడం ఎలా?

సీ కయాక్, అంటే సముద్రంలో తెడ్డుతో నడిపే సన్నటి పొడుగాటి పడవ, కొనబోయేవాళ్ళు రడ్డర్‌ని కారు స్టీరింగ్ లాంటిదనీ, స్కెగ్ దానికన్నా చవకైన సరుకనీ అనుకుంటారు. రెండూ పొరపాటే. ఈ రెండు రెక్కల అసలు పని ఒక్కటే: పక్క నుంచి గాలి కొడుతున్నా పడవ మీరనుకున్న దారి తప్పకుండా చూడటం. పడవను మలుపు తిప్పేది తెడ్డూ, మీ నడుమూ. కాబట్టి ఏది కావాలన్నది కేటలాగు చూస్తే తేలదు. మీ పడవ గాలికి ఎంత తిరుగుతోందో నీళ్ళ మీద చూశాకే తేలుతుంది. విజయవాడ, గుంటూరు వాళ్ళకి ఆ పరీక్షకి ప్రకాశం బ్యారేజీ ఎగువన నిలిచిన నీళ్ళున్నాయి, ఆ తర్వాత సముద్రానికి బాపట్ల దగ్గరి సూర్యలంక ఉంది.

రడ్డర్ అంటే చుక్కాని. పడవ తోక చివర బయటికి వేలాడే పలక. కాళ్ళ దగ్గరి పెడళ్ళ నుంచి రెండు తీగలో తాళ్ళో వెనక్కి వెళ్ళి దాన్ని కుడిఎడమలకు తిప్పుతాయి. వేరే తాడు ఒకటి దాన్ని నీళ్ళలోకి దించుతుంది, అక్కర్లేనప్పుడు పైకెత్తి డెక్ (పడవ పైకప్పు) మీద పడుకోబెడుతుంది. స్కెగ్ పడవ అడుగున, తోకకి కాస్త ముందు, సన్నటి పెట్టెలో దాగి ఉండే రెక్క. సీటు పక్కనున్న మీటను జరిపితే కిందికి దిగుతుంది. అది పక్కలకి తిరగదు. ఎంత దించాలన్నది ఒక్కటే మీ చేతిలో ఉంటుంది.

ఘాట్ల దగ్గర అద్దెకి దొరికే పొట్టి ప్లాస్టిక్ కయాక్‌లకి ఈ బేరీజు అక్కర్లేదు. ఇక్కడ చెప్పేదంతా 15 నుంచి 18 అడుగుల పొడవు, 21 నుంచి 24 అంగుళాల వెడల్పు ఉండే సీ కయాక్‌ల గురించి, ఇద్దరు కూర్చునే పెద్ద వాటి గురించి.

గాలికి ముక్కు ఎందుకు తిరుగుతుంది

పడవ ముందుకు వెళ్తున్నప్పుడు ముక్కు నీటిని చీల్చుకుంటూ పోతుంది. అక్కడ నీరు రెండు పక్కల నుంచీ ఒత్తిపట్టడంతో ముక్కు పక్కకి జరగదు. తోక దగ్గర నీరు చెదిరి, వదులుగా ఉంటుంది. పక్కగాలి రెండు చివర్లనూ ఒకేలా తోసినా తోకే ఎక్కువ జారుతుంది. తోక గాలి వాలుకి జారితే ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది. ఎంత వేగంగా వెళ్తే అంత ఎక్కువ తిరుగుతుంది. ఆగి ఉన్న పడవ మాత్రం గాలికి దాదాపు అడ్డంగా పడి ఉంటుంది.

ఇది అర్థమైతే స్కెగ్ పని దానంతటదే అర్థమవుతుంది. రెక్క దించితే తోకకి నీటిలో పట్టు దొరుకుతుంది, జారడం తగ్గుతుంది. కొద్దిగా దించితే కొద్దిగా, పూర్తిగా దించితే పూర్తిగా. రడ్డర్ ఆ పట్టు ఇవ్వడంతో పాటు తోకను ఒక పక్కకి నెట్టగలదు కూడా. తేడా అంతే.

1. ఒడ్డు మీద చేసే తనిఖీ

కొత్తదైనా, ఎవరి దగ్గరైనా పాతది కొంటున్నా నీళ్ళలోకి దించే ముందు ఒక పావుగంట వీటికి కేటాయించండి.

స్కెగ్ ఉన్న పడవను బోర్లా తిప్పి మెత్తటి దాని మీద పెట్టండి. ఒకరు మీట జరుపుతుంటే ఇంకొకరు రెక్క చూడాలి. మీట మొదటి అంగుళం కదిలేసరికే రెక్క కదలడం మొదలవ్వాలి. మీట జరిగాక ఆలస్యంగా, ఒక్కసారి ఎగిరినట్టు రెక్క బయటికొస్తే లోపలి తీగ వంకర తిరిగిందని లెక్క. వేలితో రెక్కను పక్కలకి ఆడించండి. రెండు మూడు మిల్లీమీటర్ల ఆట ఉండొచ్చు. అసలు ఆట లేకుండా బిగిసి ఉంటే పెట్టె గోడలు లోపలికి నొక్కుకుపోయాయి. ప్లాస్టిక్ పడవల్లో ఇది తరచూ కనిపించే జబ్బు, దాని కారణం చివర్లో చెబుతాం. వెనక సామాను అరలోకి టార్చి వేసి పెట్టె కుట్లనీ, తీగ గొట్టం అతికిన చోటునీ చూడండి. అక్కడ చెమ్మ మరక ఉంటే పడవలోకి నీరు వచ్చే దారి అదే.

తీగ తోసే రకమా, తాడు లాగే రకమా అన్నది కూడా ఇప్పుడే కనుక్కోండి. మొదటిదాంట్లో మందపాటి స్టీలు తీగ రెక్కను తోసి దించుతుంది, లాగి ఎత్తుతుంది. రెండోదాంట్లో సాగే తాడు రెక్కను కిందికి లాగుతూ ఉంటుంది, మామూలు తాడు దాన్ని పైకి పట్టి ఉంచుతుంది. మన తీరంలో లోతు తక్కువ చోట్లు ఎక్కువ కాబట్టి తాడు రకమే నయం. అడుగు తగిలితే రెక్క దానంతటదే పైకి లేచిపోతుంది. తీగ రకంలో ఆ దెబ్బంతా తీగ మీద పడుతుంది.

రడ్డర్ ఉన్న పడవలో సీటులో కూర్చుని పెడళ్ళు సమంగా పెట్టండి. పలక సరిగ్గా మధ్యలో ఉండాలి. తోడున్నవాళ్ళని పలక పట్టుకుని అటూ ఇటూ కదపమనండి. ఆ కదలిక వెంటనే మీ పాదానికి తెలియాలి. తెలియకపోతే తాళ్ళు వదులయ్యాయి. ఆ తర్వాత పెడళ్ళ రకం చూడండి, ఇది చాలామంది పట్టించుకోని విషయం. పాత పద్ధతిలో పెడల్ మొత్తం పట్టాలో ముందుకీ వెనక్కీ జారుతుంది. కాలితో గట్టిగా తన్ని బలం తీసుకుందామంటే అది కింద నుంచి జారిపోతుంది, తొడలు డెక్ కిందికి ఆనించి పడవను ఒక పక్కకి వంచడం కుదరదు. కొత్త పద్ధతిలో మడమ దగ్గర పీట కదలకుండా ఉంటుంది, కాలివేళ్ళ దగ్గరి చిన్న రేకు మాత్రమే వంగుతుంది. రడ్డర్ కొంటే ఈ రెండో రకమే కొనండి. పడవ మిగతా అన్నిటిలో బాగుండి పెడళ్ళు మాత్రం జారే రకమైతే, పెడళ్ళు మార్పించే ఖర్చు కూడా ధరలో కలుపుకుని బేరమాడండి.

2. నీళ్ళ మీద గాలి పరీక్ష

ఈ దశ ఒక్కటి ఓపిగ్గా చేస్తే మీ ప్రశ్నకి సగం పైగా జవాబు దొరికినట్టే.

చోటు: భవానీపురం వైపు ఒడ్డుకీ భవానీ ద్వీపానికీ మధ్య నీరు. ఘాట్ దగ్గర అనుమతి అడిగి, లైఫ్ జాకెట్ వేసుకుని, ఇంకో పడవ తోడు పెట్టుకుని దిగండి. టూరిజం బోట్ల దారికి అడ్డం రాకండి. బ్యారేజీ గేట్లు ఎత్తి ఉన్న రోజుల్లో అసలు దిగొద్దు. 3.97 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకి రెండోది ఎగరేస్తారు. కయాక్‌కి మాత్రం ఆ అంకెల దాకా ఆగాల్సిన పని లేదు. 2024 సెప్టెంబరు వరదకి పెద్ద పెద్ద పడవలే కొట్టుకొచ్చి గేట్ల దగ్గర ఇరుక్కున్నాయి.

గాలి: గంటకి 15 నుంచి 20 కిలోమీటర్లు. నీటి మీద అక్కడొకటి ఇక్కడొకటి తెల్లటి నురగ కనిపించే గాలి అది. అంతకన్నా తక్కువైతే తేడా తెలియదు. ఎక్కువైతే పరీక్ష కాస్తా పోరాటమవుతుంది. జూన్, జూలైల్లో పడమటి గాలి నది పొడవునా వీస్తుంటుంది కాబట్టి ఉత్తరపు ఒడ్డు నుంచి ద్వీపం వైపు వెళ్తుంటే కుడి చెంపకి, తిరిగొస్తుంటే ఎడమ చెంపకి తగులుతుంది. పరీక్షకి కావలసిన అడ్డగాలి ఇదే. ద్వీపం చాటుకి మరీ దగ్గరగా వెళ్తే గాలి పడిపోతుంది, లెక్క తప్పుతుంది.

ఇక పద్ధతి. రెక్క పైకెత్తేసి, ఎదురుగా కదలని గుర్తు ఒకటి ఎంచుకోండి, ఒక చెట్టో టవరో. రెండు వైపులా సమాన బలంతో ముప్పై తెడ్లు వేయండి, మధ్యలో దిద్దుకోవద్దు. ముక్కు గుర్తు నుంచి ఎంత పక్కకి పోయిందో చూసుకోండి. తర్వాత అదే దారిలో, ఈసారి దిద్దుకుంటూ వెళ్ళి, దారిలో ఉండటానికి గాలివైపు ఎన్నిసార్లు వెడల్పు తెడ్డు (పడవకి దూరంగా చాపి, వంపుగా లాగే తెడ్డు) వేయాల్సి వచ్చిందో లెక్కపెట్టండి. పది తెడ్లలో ఒకటీ రెండూ అయితే ఆ పడవ మంచి బుద్ధిమంతురాలు. సగం తెడ్లు దిద్దడానికే పోతుంటే రెక్క తప్పనిసరి.

ఇదే పరీక్ష గాలి ఎదురుగా ఉన్నప్పుడు, వెనక నుంచి ఉన్నప్పుడు, వెనక పక్క మూల నుంచి ఉన్నప్పుడు కూడా చేయాలి. చివరిదే అన్నిటికన్నా కష్టం. అలలు తోకని ఎత్తి పక్కకి తోస్తుంటాయి, గాలి కూడా వాటికి తోడవుతుంది.

తర్వాత బరువు మార్చి చూడండి. రెండు లీటర్ల నీళ్ళ సీసాలు ఐదు తీసుకుంటే పది కిలోలు. అవి కదలకుండా వెనక అరలో సర్ది ఒకసారి, ముందు అరలో సర్ది ఒకసారి వెళ్ళండి. వెనక బరువుంటే తోక లోతుగా కూర్చుని పడవ గాలివైపు తిరగడం తగ్గుతుంది. ముందు పెడితే ఎక్కువవుతుంది. కొన్ని పడవలకి పది కిలోలు వెనక్కి జరిపితే చాలు, రెక్కతో పని సగానికి తగ్గుతుంది. పైసా ఖర్చు లేని మరమ్మతు ఇది.

మరో పని, పడవను గాలివైపు వంచి నడపడం. గాలి ఎడమ నుంచి వస్తుంటే ఎడమ పిరుదు మీద బరువేసి, కుడి మోకాలు డెక్ కిందికి ఎత్తి ఆనించండి. ఎడమ అంచు నీటిలోకి దిగి ముక్కు కుడికి తిరుగుతుంది, అంటే గాలి నుంచి పక్కకి. ఇలా ఒక పది నిమిషాలు హాయిగా ఉండగలిగితే మీకు స్కెగ్ సరిపోతుంది. తొడలు పట్టేసి రెండు నిమిషాలకే వదిలేయాల్సి వస్తుంటే, సాధన చేసేదాకా రెక్క మీద ఎక్కువ ఆధారపడాల్సి ఉంటుంది.

3. ఇక తేల్చుకోవడం

ఒంటరి పడవ, 17 అడుగుల లోపు, ఒక పగలు తిరిగి వచ్చే ప్రయాణాలు, అలల్లోంచి దిగడం ఎక్కడం ఎక్కువ: స్కెగ్ తీసుకోండి. తోక చివర వేలాడేది, విరిగేది ఏమీ ఉండదు. కాళ్ళకి గట్టి ఆనిక దొరుకుతుంది. పడవ బోల్తా పడినప్పుడు తోక మీదుగా ఎక్కేవాళ్ళకి గీసుకునే ఇనుము ఉండదు. పెద్ద అల మీద తోక గాల్లోకి లేచినా, తోకకి ముందుగా ఉన్న స్కెగ్ నీటిలోనే ఉంటుంది. అదే సమయంలో చివరనున్న రడ్డర్ నీటి బయటికొచ్చి ఉత్తగా ఊగుతుంది.

ఇద్దరు కూర్చునే పడవకి రడ్డరే. ఇందులో తర్జనభర్జన అక్కర్లేదు. 20 అడుగుల పడవని ఇద్దరు మనుషులు వంచి తిప్పడం అయ్యే పని కాదు. చిన్న తెరచాప కట్టుకునేవాళ్ళకి, చేతిలో గాలమో కెమెరాయో పట్టుకుని పాదాలతో పడవను నిలబెట్టుకోవాలనుకునేవాళ్ళకి, నాలుగైదు రోజుల సామానుతో పోయేవాళ్ళకి కూడా అదే. రోజంతా ఒకే పక్క దిద్దు తెడ్డు వేస్తే మణికట్టు వాస్తుంది. ఆ శ్రమ కాలికి అప్పగించడం తెలివైన పనే.

వెనక అర నిండా సామాను సర్దేవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. స్కెగ్ పెట్టె ఆ అర మధ్యలోకి గోడలా పొడుచుకొస్తుంది. పొడుగాటి టెంటు సంచి పడుకోబెట్టడానికి కుదరదు, చిన్న మూటలుగా రెండు పక్కలా సర్దాలి. రడ్డర్‌కి ఆ బాధ లేదు.

మాకైతే స్కెగ్ వైపే మొగ్గు. కారణం సౌకర్యం కన్నా అలవాటు. రడ్డర్ పడవతో నేర్చుకున్నవాళ్ళు పడవను వంచడం నేర్చుకోరు, ఏ రోజన్నా తాడు తెగితే తీరానికి రావడానికి అవస్థ పడతారు. అయినా రడ్డర్ ఉన్న మంచి పడవ దొరికితే వదులుకోవద్దు. మొదటి నెల రోజులు పలక పైకెత్తి తెడ్డు వేయండి, నేర్చుకున్నాక దించండి.

4. స్కెగ్ వాడే తీరు

ఎదురు గాలికి వెళ్తుంటే పూర్తిగా పైకి. అడ్డగాలికి సగం నుంచి మొదలుపెట్టండి. వెనక గాలికి పూర్తిగా కిందికి. ఇది ఆరంభం మాత్రమే, ఆ తర్వాత సవరణ మీ ముక్కు చెబుతుంది. ముక్కు గాలివైపు పోతుంటే ఇంకొంచెం దించండి. గాలికి దూరంగా పోతుంటే కొంచెం ఎత్తండి. ఒక్కో సవరణకి మీట అర అంగుళం జరపండి, పది తెడ్లు వేసి చూసి మళ్ళీ జరపండి. ఒకసారి సరిపోయిన చోట మీట పక్కన డెక్ మీద మార్కర్‌తో చిన్న గీత పెట్టుకుంటే మర్నాడు వెతుక్కోనక్కర్లేదు. పూర్తిగా దించి మర్చిపోవడం మామూలుగా జరిగే తప్పు. పడవ బరువుగా అనిపిస్తుంది, గాలికి ఎదురు తిప్పుదామంటే తిరగదు.

సూర్యలంకలో ఈ లెక్క బాగా తెలుస్తుంది. తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం దక్షిణపు సముద్రగాలి మొదలయ్యాక ఈశాన్యంగా నిజాంపట్నం దిక్కుకి వెళ్తే గాలి వెనక మూల నుంచి కొడుతుంది. స్కెగ్ ముప్పావు వంతు దించాల్సి వస్తుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి ముందు మూల నుంచి ఎదురవుతుంది, స్కెగ్ పావు వంతుకి చాలు. పోయేటప్పుడు సుఖంగా ఉంది కదా అని దూరం పోతే వచ్చేటప్పుడు చేతులు పడిపోతాయి. అందుకే పొద్దున్నే బయల్దేరి పది గంటలకల్లా ఒడ్డున ఉండేలా చూసుకోండి.

5. రడ్డర్ వాడే తీరు

ముందు పెడళ్ళ దూరం సరిచేయండి. పాదం ముందు భాగం పెడల్ మీద ఉండగా మోకాళ్ళు కొంచెం వంగి, తొడలు డెక్ కింది ఆనికలకి తగలాలి. కాలు చాపి అందుకోవాల్సి వస్తే దూరం ఎక్కువైనట్టు.

పలక దించాక గాలి ఎడమ నుంచి వస్తుంటే కుడి పెడల్ కొద్దిగా నొక్కి అలాగే పట్టుకోండి. ముక్కు నిలబడిందా, ఇక కదపొద్దు. అటూ ఇటూ తొక్కుతూ నడిపితే పలక అడ్డం తిరిగిన ప్రతిసారీ నీటికి బ్రేకు వేసినట్టే, వేగం పోతుంది. పలక పది డిగ్రీలకి మించి ఎప్పుడూ తిప్పి ఉంచాల్సి వస్తోందంటే లోపం బరువు సర్దడంలో ఉంది, సామాను వెనక్కి జరపండి. పెద్ద మలుపు తిప్పాలంటే పలకతో పాటు వెడల్పు తెడ్డు కూడా వేయండి.

వెనక్కి తెడ్డు వేసే ముందు పలక ఎత్తండి. వెనక్కి వెళ్తుంటే నీరు దాన్ని ఒక్కసారిగా మెలిపెట్టి పిన్ను వంచేస్తుంది. అలల్లోంచి దిగేటప్పుడు, ఒడ్డుకి చేరేటప్పుడు కూడా పైకే ఉండాలి. కెరటం పడవను వెనక్కి నెట్టి తోకను ఇసుకలో గుచ్చితే ముందు విరిగేది పలకే. నడుం లోతు నీటిలో నిలబడి సాయం చేసేవాళ్ళ కాలికి తగిలితే చీరుకుపోతుంది.

6. గుర్రపుడెక్క, వలలు, ఇసుక

కృష్ణలోనూ కాలవల్లోనూ గుర్రపుడెక్క వేళ్ళు రెక్కకి చుట్టుకుంటాయి. పడవ ఉన్నట్టుండి బరువెక్కితే అనుమానించాల్సింది దాన్నే. రడ్డర్ ఉంటే పలక ఎత్తి, తోడున్నవాళ్ళ చేత తెడ్డుతో దులిపించండి. స్కెగ్‌తో జాగ్రత్త. డెక్క చుట్టుకుని ఉండగా రెక్కను పైకి లాగితే ఆ వేళ్ళు పెట్టెలోకి ఇరుక్కుపోతాయి. రెండు మూడు తెడ్లు వెనక్కి వేస్తే చాలావరకు జారిపోతుంది, అప్పుడు ఎత్తండి. డెక్క దట్టంగా ఉన్న చోటికి పోయే ముందే ఎత్తేసుకోవడం అన్నిటికన్నా మేలు.

నీటి మీద థర్మోకోల్ ముక్కలో ప్లాస్టిక్ సీసాలో వరసగా తేలుతుంటే కింద వల ఉందని గుర్తు. చుట్టి వెళ్ళండి. తప్పనిసరై దాటాల్సి వస్తే రెక్క పూర్తిగా ఎత్తి, రెండు బెండ్ల మధ్య నుంచి, తెడ్డు ఆపి జారుకుంటూ దాటండి. చిక్కుకుంటే ముందుకి లాగొద్దు, మెల్లగా వెనక్కి జరిగి విడిపించుకోండి. వల కోయొద్దు. అది ఒకరి కూడు.

ఇసుక స్కెగ్‌కి అసలైన శత్రువు. పడవను ఒడ్డున ఈడ్చుకుంటూ తెచ్చినా, అందులో కూర్చుని తడి ఇసుక మీద జారుకుంటూ నీళ్ళలోకి దిగినా పెట్టె ఇసుకతో కూరుకుపోతుంది. మోకాటి లోతులో పడవను తేలనిచ్చి ఎక్కండి. అలలు దాటాక మీట మెల్లగా జరిపి చూడండి. కదలకపోతే అక్కడితో ఆగండి. బలంగా తోశారంటే రెక్క కదలదు, మీట దగ్గరున్న తీగ మాత్రం మడత పడుతుంది. మడత పడిన తీగని ఎంత తిన్నగా చేసినా మళ్ళీ అక్కడే వంగుతుంది, మార్చడమే దారి.

దీనికి ముందే చేసుకోవాల్సిన ఏర్పాటు ఒకటుంది. రెక్క వెనక మూలన, కింది అంచుకి అర అంగుళం పైన, 4 మిల్లీమీటర్ల బెజ్జం వేసి, రెండు మిల్లీమీటర్ల తాడు రెండు అంగుళాల ఉచ్చుగా కట్టండి. రెక్క పూర్తిగా పైకి ఉన్నా ఉచ్చు బయటికి వేలాడాలి. ఇరుక్కున్నప్పుడు తోడు పడవలోని వాళ్ళు తోక దగ్గరికొచ్చి ఆ ఉచ్చు పట్టి లాగితే ఇసుక రాలి రెక్క దిగుతుంది. ఒడ్డున ఒక్కరే ఉంటే పలచటి అట్లకాడ పెట్టె సందులో దూర్చి ఆడించి, నీళ్ళు పోసి కడగండి. స్క్రూడ్రైవర్ వాడితే గోడకి గాటు పడుతుంది.

7. తీగలు, తాళ్ళు, నట్లు

ఇవి తీరంలో దొరకవు. ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని డబ్బాలో వేసుకోవాలి. ఆటోనగర్‌లో స్టెయిన్‌లెస్ తీగ, నైలాక్ నట్లు (లోపలి నైలాన్ రింగు వల్ల వదులవ్వనివి) దొరుకుతాయి. ఉప్పునీటికి 316 రకం అని అడిగి తీసుకోండి. 304 రకం కొన్నాళ్ళకి గోధుమరంగు చుక్కలు తేలుతుంది. అయస్కాంతం పెట్టి చూస్తే ఈ రెండిటికీ తేడా తెలియదు, కాబట్టి ఆ పరీక్షని నమ్మొద్దు.

రడ్డర్ తీగ తెగితే దాని బదులు రెండు లేక మూడు మిల్లీమీటర్ల డైనీమా (గట్టి సింథటిక్ పీచు) తాడు వేయొచ్చు. అది సాగదు. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది, పెడల్ నొక్కినా పలక కదలదు. సైకిల్ బ్రేకు తీగ మందం రడ్డర్‌కి సరిపోతుంది గానీ పొడవు చాలదు. స్కెగ్‌కైతే అసలు పనికిరాదు. లాగడానికే గానీ తోయడానికి తగిన బిగువు దానికి లేదు. తీగ చివర బిగించే క్లిప్పులు అల్యూమినియంవి వాడొద్దు. ఉప్పునీటిలో స్టీలు పక్కన అల్యూమినియం తెల్లటి పిండిలా తినేసుకుపోతుంది, ఒక రోజు తీగ ఊడి చేతికొస్తుంది.

వెంట పెట్టుకోవాల్సినవి: నాలుగు మీటర్ల డైనీమా తాడు, డక్ట్ టేపు, చిన్న పటకారు, రడ్డర్ పిన్ను ఒకటి అదనంగా, మీ పడవకి సరిపడే నట్లు రెండు. నీటి మధ్యలో రడ్డర్ పక్కకి తిరిగి ఇరుక్కుంటే తోడు పడవ ఆనిక ఇవ్వగా దాన్ని చేత్తో ఎత్తి డెక్ మీద తాడుతో కట్టేయండి. స్కెగ్ పూర్తిగా దిగి ఇరుక్కుంటే పడవ గాలి వాలుకే పోతానంటుంది. వీలైతే బరువు ముందుకి జరిపి, మీరూ ముందుకి వంగి తెడ్డు వేయండి. స్కెగ్ పైకే ఇరుక్కుపోతే పెద్ద ప్రమాదం లేదు, రెండో దశలో నేర్చుకున్న వంపుతో ఇల్లు చేరొచ్చు.

8. తిరిగొచ్చాక

మంచినీళ్ళతో కడిగేటప్పుడు పైపు మూతిని స్కెగ్ పెట్టె లోపలికీ, పెడల్ పట్టాల్లోకీ పెట్టి, రెక్కను పదిసార్లు దించి ఎత్తుతూ కడగండి. నూనె రాయొద్దు, ఇసుక అంటుకుంటుంది. సిలికాన్ స్ప్రే చాలు.

పైన చెప్పిన నొక్కుకుపోయిన పెట్టె సంగతి ఇది. మే నెలలో బెజవాడ ఎండకి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. పడవను అడుగు మీద నిలబెట్టి వదిలేసినా, కారు పైన పట్టీని స్కెగ్ పెట్టె మీదుగా వేసి బిగించినా గోడలు లోపలికి వంగిపోతాయి. నీడలో, పక్కకి ఒరిగేలా, రెండు వెడల్పు పట్టీల మీద వేలాడదీయండి. కారు మీద పట్టీ పెట్టెకి అడుగున్నర ముందు పడాలి. ఇప్పటికే కొద్దిగా నొక్కుకుని ఉంటే ఎండలో ఒక గంట వేడెక్కనిచ్చి, రెక్క ఉండే సందులో రెక్కకన్నా ఒక మిల్లీమీటరు ఎక్కువ మందమున్న చెక్క పలక దూర్చి, నీడకి తెచ్చి రాత్రంతా చల్లారనివ్వండి. పొద్దున చెక్క తీసి, రెక్క తేలిగ్గా ఆడుతుందో లేదో చూడండి. ఇంకా పట్టేస్తుంటే మర్నాడు ఇంకోసారి చేయండి.